సికిందరాబాదు దోమ, బొంబాయి ప్లేగు, కంప్యూటరు గీత

మనలో చాలామందిమి పదవీ విరమణ సమయంలో పెన్షన్ కమ్యుటేషన్ దరఖాస్తు మీద సంతకం పెట్టినవారమే. వదులుకున్న పెన్షన్ భాగాన్ని పన్నెండుతో హెచ్చవేసి, ఆపైన మన వయస్సుకు ఎదురుగా పట్టికలో ఉన్న అంకెతో హెచ్చవేస్తే చేతికి వచ్చే మొత్తం తేలుతుంది. ఆ పట్టికలోని అంకె ఎక్కడిదని ట్రెజరీలో అడిగితే జి.వో.లో ఉందని చెబుతారు. నిజమే. కాని ఆ జి.వో. వెనుక మూడు వందల సంవత్సరాలు దాటిన చరిత్ర ఉంది. ఫలానా వయస్సు మనిషి ఇంకా ఎన్నేళ్ళు బతికే అవకాశం ఉందో, అతనికి ఏటేటా ఇచ్చే సొమ్ముకు నేడు ఎంత విలువ కట్టాలో 1693లో ఇంగ్లండులో ఎడ్మండ్ హేలీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు లెక్క కట్టాడు. తోకచుక్కకు పేరున్న హేలీ ఈయనే. ఆయనకు కావలసిన అంకెలు ఇంగ్లండులో దొరకలేదు. నేడు పోలెండులో ఉన్న బ్రెస్లా నగరంలో ఒక క్రైస్తవ మతాచార్యుడు ఓపికగా పోగుచేసిన జనన మరణాల వివరాలు ఆయనకు ఆధారమైనాయి.

లోకంలో జరిగేదాన్ని కొన్ని అంకెలుగా, కొన్ని నియమాలుగా కుదించి, కాగితం మీద నడిపించి చూడడాన్నే గణిత నమూనా అంటారు. కాగితానికి బదులు కంప్యూటరులో నడిపితే డిజిటల్ నమూనా. నేడు తుఫాను ఎక్కడ తీరం దాటుతుందో చెప్పేది ఇదే, విమానం రెక్కకు రూపం ఇచ్చేదీ ఇదే. అన్ని శాస్త్రాల సంగతీ చెప్పడానికి ఈ సంచికలో చోటు లేదు, నాకు అంత చదువూ లేదు. అంటువ్యాధుల లెక్క ఒక్కటే తీసుకుంటాను. దానిలో ఒక ముఖ్య ఘట్టం మన సికిందరాబాదులో జరిగింది. అదే లెక్క 2020లోను, 2021లోను మన ఇళ్ళ గడప తొక్కింది.

హేలీ పట్టికను పట్టుకునే 1760లో డేనియల్ బెర్నూలీ అనే స్విస్ గణితవేత్త పారిస్ అకాడమీ ముందు ఒక వ్యాసం చదివాడు. అప్పటికి జెన్నరు టీకా లేదు. మశూచి పొక్కు రసాన్నే ఆరోగ్యవంతుని చర్మంలోకి ఎక్కించే పాత పద్ధతి ఉండేది. దానివల్ల కొందరు చనిపోయేవారు కూడా. మరి ఎక్కించాలా వద్దా? మశూచి రానివారిలో ఏటా ఎనిమిదింట ఒకరికి వస్తుందని, వచ్చినవారిలో ఎనిమిదింట ఒకరు పోతారని బెర్నూలీ అనుకుని లెక్క వేశాడు. మశూచి లేకపోతే సగటు ఆయుర్దాయం 26 ఏళ్ళ 7 నెలల నుంచి 29 ఏళ్ళ 9 నెలలకు పెరుగుతుందని తేల్చాడు. దలాంబేర్ అనే మరో గణితవేత్త దీనికి అడ్డు చెప్పాడు. సగటున మూడేళ్ళు పెరగడం దేశానికి లాభమే. కాని నెల తిరక్కుండా చనిపోయే ప్రమాదాన్ని నేడే నెత్తిన పెట్టుకోవాల్సినవాడికి ఎప్పుడో చివర్లో వచ్చే మూడేళ్ళు సమానమవుతాయా అని ఆయన ప్రశ్న. 2021లో వాక్సిన్ కేంద్రం ముందు క్యూలో నిలబడిన మనలో ఎందరి మనసుల్లో ఇదే ప్రశ్న మెదలలేదు?

ఇంగ్లండులో రిజిస్ట్రారు జనరల్ కార్యాలయంలో 1839 నుంచి పని చేసిన విలియం ఫార్ గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ఉద్యోగం పేరు సంగ్రహాలు తయారుచేసేవాడు. మన భాషలో స్టేట్‌మెంట్లు కట్టే గుమాస్తా అన్నమాట. 1866లో పశువుల తెగులు దేశాన్ని ఊపేస్తుండగా, ఇక మందలన్నీ తుడిచిపెట్టుకుపోతాయని పార్లమెంటులో పెద్దలు భయపడుతుండగా, ఫార్ వారం వారం అంకెలు చూసి, పెరిగే వేగం తగ్గుతోంది, తెగులు త్వరలోనే దిగిపోతుందని పత్రికకు ఉత్తరం రాశాడు. అలాగే దిగిపోయింది. అయితే ఎందుకు దిగింది అన్నదానికి ఆయన దగ్గర సరైన జవాబు లేదు. గీత తెలుసు, కారణం తెలియదు. ఈ తేడా మున్ముందు మళ్ళీ వస్తుంది.

ఇక మన ఊరి సంగతి. రొనాల్డ్ రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. 1897లో సికిందరాబాదు కంటోన్మెంటులో ఉంటూ, బేగంపేటలో ఒక చిన్న గదిలో సూక్ష్మదర్శిని పెట్టుకుని దోమల పొట్టలు కోసి చూసేవాడు. ఎండకాలం, ఉక్క. దోమలు ఎగిరిపోతాయని విసనకర్ర కూడా వేసుకునేవాడు కాదు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చేవాడు. ఆ ఆగస్టు 20న, రెక్కల మీద మచ్చలున్న ఒక రకం దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి కణాలు కనిపించాయి. ఆ రోజునే నేటికీ ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పని చేసి, క్రిమి దోమ లాలాజలం దాకా వెళ్ళే దారిని చూపాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంతవరకు బడి పిల్లలకు కూడా తెలుసు. తర్వాత కథ చాలామందికి తెలియదు. రాస్ తాను కనిపెట్టిన దానికంటే దాని లెక్కకే ఎక్కువ విలువ ఇచ్చుకున్నాడు. ఎందుకంటే ఆయన మాట ఎవరూ వినలేదు. దోమల్ని తగ్గిస్తే మలేరియా తగ్గుతుందని ఆయన అంటే, లాహోరు దగ్గర మియాన్ మీర్ కంటోన్మెంటులో కాలువలు పూడ్చి చూశాం, పని జరగలేదు, బయటి నుంచి దోమలు వస్తూనే ఉంటాయి, ఉన్న దోమలన్నిటినీ చంపడం ఎవరి తరమూ కాదు అని సాటి అధికారులే తేల్చేశారు. ఫైలు మూసేశారన్నమాట. అప్పుడు రాస్ గణితం పట్టుకున్నాడు. బడిలో నేర్చినది తక్కువే, మిగతాదంతా సొంతంగా చదువుకున్నాడు.

1911లో ఆయన చెప్పిన లెక్క మన ఇంట్లో పిల్లలకు కూడా అర్థమవుతుంది. వెయ్యిమంది ఉన్న ఊరు. అందులో ఒక్కరికే మలేరియా. ఊళ్ళో మలేరియా మోసే జాతి దోమలు 48,000 ఉన్నాయనుకుందాం. అన్నిటికీ మనిషి దొరకడు, నాలుగింట ఒకటి మాత్రమే కుట్టగలుగుతుంది. అంటే 12,000. అవి వెయ్యిమందిని కుడితే, రోగి వంతుకు వచ్చేవి 12. క్రిమి దోమ ఒంట్లో పక్వానికి రావడానికి వారం పైన పడుతుంది. అన్నాళ్ళు బతికేవి మూడింట ఒకటి, అంటే 4. ఆ నాలుగింటిలో మళ్ళీ మనిషిని కుట్టగలిగేది ఒకటి. ఒక రోగి నుంచి ఒక కొత్త రోగి. జబ్బు ఉన్నచోటే ఉంటుంది. ఊళ్ళో దోమలు 48,000 కంటే తక్కువైతే ఒక రోగి నుంచి ఒకరికంటే తక్కువమందికి అంటుతుంది, క్రమంగా మలేరియా ఊరు విడిచి పోతుంది. కనుక ప్రతి దోమనూ చంపనక్కరలేదు, ఒక హద్దు కిందికి దించితే చాలు. అధికారులు అసాధ్యమన్న దానికి ఇది జవాబు. ఈ హద్దు అన్న ఊహే ఈనాటి అంటువ్యాధుల శాస్త్రానికి పునాది. కోవిడ్ రోజుల్లో టీవీలో తెగ వినిపించిన 'ఆర్' అన్న అంకె దీని మనుమడే.

మియాన్ మీర్ వాదానికి ఇంకో జవాబు కూడా ఆయనకు కావలసి వచ్చింది. బయటి దోమలు ఎంత దూరం నుంచి వస్తాయి? దిక్కూ తెన్నూ లేకుండా ఎగిరే దోమ పుట్టిన చోటి నుంచి ఎంత దూరం పోతుంది? 1904లో అమెరికాలో ఒక సభలో రాస్ ఈ ప్రశ్న లేవనెత్తాడు. లండనులో కార్ల్ పియర్సన్ అనే గణాంకవేత్తకు ఇది చేరింది. 1905లో ఆయన నేచర్ పత్రికలో ఇదే లెక్కను, దోమకు బదులు ఒక మనిషి ఇష్టం వచ్చిన దిక్కుకు అడుగులు వేస్తున్నట్టు మార్చి, ఎవరైనా సాధించండని అడిగాడు. లార్డ్ రాలే వెంటనే రాశాడు: శబ్ద తరంగాల విషయంలో ఇదే లెక్కను నేను 1880లోనే చేశానని. అదే 1905లో ఐన్‌స్టీన్ నీటిలో తేలే నలుసులు ఎందుకు అల్లల్లాడతాయో చెప్పడానికి ఇదే మార్గం పట్టాడు. పారిస్‌లో బషెలియే అనే కుర్రవాడు అంతకుముందే, 1900లో, స్టాక్ ఎక్స్ఛేంజి ధరలకు ఇదే లెక్క కట్టి ఉన్నాడు. దోమ, శబ్దం, నలుసు, షేరు ధర, నాలుగింటికీ ఒకే సూత్రం. నాలుగు శాఖలు ఒకరికొకరు తెలియకుండా ఒకే ప్రొఫార్మాను వేరువేరుగా అచ్చు వేయించుకున్నట్టు!

రాస్ దగ్గర పని నేర్చిన మిలిటరీ డాక్టరు ఆండర్సన్ మెకెండ్రిక్. ఈయనా ఇండియన్ మెడికల్ సర్వీసువాడే, కసౌలీ పాస్చర్ ఇన్‌స్టిట్యూటును నడిపాడు. ఆరోగ్యం దెబ్బతిని 1920లో ఎడిన్‌బరో చేరాడు. అక్కడ విలియం కెర్మాక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు తోడైనాడు. 1924లో ప్రయోగశాలలో జరిగిన ప్రమాదంలో కెర్మాక్‌కు రెండు కళ్ళూ పోయాయి. అప్పటికి వయస్సు ముప్ఫై కూడా లేదు. ఆ తర్వాత లెక్కలన్నీ మనసులోనే. ఇద్దరూ కలిసి 1927లో రాసిన వ్యాసం నేటికీ ప్రతి అంటువ్యాధి నమూనాకూ మూలగ్రంథంలాంటిది.

దాన్ని మన ఆఫీసు భాషలో చెబుతాను. జనాభాను మూడు రిజిస్టర్లుగా విడదీయండి. జబ్బు ఇంకా రానివారు మొదటి రిజిస్టరు, అంటే ఇంకా ఇన్‌వర్డు కాని తపాలు. జబ్బుతో ఉన్నవారు రెండోది, పెండింగ్. తేరుకున్నవారు, పోయినవారు మూడోది, డిస్పోజల్. మొదటి దాని నుంచి రెండో దానికి ఎంత వేగంగా పేర్లు మారతాయన్నది రానివారు, వచ్చినవారు ఎంతమంది ఎదురుపడతారన్న దాని మీద ఉంటుంది. రెండో దాని నుంచి మూడో దానికి ఒక స్థిరమైన వేగంతో వెళతాయి. ఇంతే. ఈ చిన్న నియమం నుంచి గంట ఆకారంలో ఒక గీత వస్తుంది: జబ్బు మెల్లగా మొదలై, ఉధృతమై, దిగిపోతుంది. అందరికీ వచ్చేసినందువల్ల కాదు, మొదటి రిజిస్టరు ఒక హద్దు కన్నా పలచబడ్డందువల్ల దిగుతుంది. కొందరు జబ్బు ముఖం చూడకుండానే మిగులుతారు.

ఈ గీత నిజమేనని చూపడానికి వారు తీసుకున్నవి బొంబాయి అంకెలు. 1905 డిసెంబరు నుంచి 1906 జూలై దాకా ఆ నగరంలో వారంవారం ప్లేగు మరణాలు. ఉధృతంగా ఉన్నప్పుడు వారానికి దాదాపు 900 మంది పోయారు. గీత గీసి పక్కన చుక్కలు పెడితే చక్కగా అతికాయి. ఆ చుక్కలు ఒక్కొక్కటీ ఎవరో పేరు తెలియని గుమాస్తా శ్మశానాల లెక్కలు, వార్డు లెక్కలు కూడి రాసినవే గదా అన్నది నా ఆలోచన. వ్యాసంలో అతని పేరు ఉండదు, ఉండాలని ఆశించనక్కరలేదు.

కాని ఇందులో ఒక లొసుగు ఉంది. ప్లేగు ప్రధానంగా ఎలుకల నుంచి, వాటి మీది గోమార్ల నుంచి వస్తుంది. మనిషి నుంచి మనిషికి అంటినట్టు రాసిన సమీకరణాలు దానికి వర్తించకూడదు. పైగా బొంబాయిలో ప్లేగు ఏటా చలికాలంలో లేచి ఎండలు ముదిరితే దిగేది. తర్వాతి కాలపు పరిశోధకులు ఈ సంగతి ఎత్తి చూపారు. గీత అతికింది, కారణం అతకలేదు. ఫార్ గారి పశువుల తెగులు నాటి చిక్కే ఇది. అయినా ఆ వ్యాసం విలువ తగ్గలేదు, ఎందుకంటే తట్టుకు, ఫ్లూకు ఆ మూడు రిజిస్టర్ల పద్ధతి చక్కగా పనిచేస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జార్జి మెక్‌డొనాల్డ్ రాస్ లెక్కను మరో అడుగు ముందుకు తీసుకెళ్ళాడు. దోమల సంఖ్య కన్నా వాటి ఆయుష్షు ముఖ్యమని 1950లలో చూపాడు. ఈ సంగతి చిన్న హెచ్చవేతతో తెలుస్తుంది. నూరు దోమల్లో రోజుకు పది చస్తాయనుకుంటే, క్రిమి పక్వమయ్యే పన్నెండు రోజుల తర్వాత మిగిలేవి 28. రోజుకు ముప్ఫై చస్తే మిగిలేది ఒకటే. అంటే గుడ్లు, పురుగులు వెతుక్కుంటూ ఊరంతా తిరగడం కన్నా ఇంటి గోడకు డీడీటీ కొట్టి, రక్తం తాగి గోడ మీద వాలిన దోమను చంపితే ఫలితం ఎన్నో రెట్లు. మన దేశంలో 1953లో మలేరియా నియంత్రణ పథకం, 1958లో నిర్మూలన పథకం వచ్చాయి. తలుపు పక్కన గోడ మీద తేదీతో స్టెన్సిలు గుర్తు వేసిపోయిన మలేరియా వర్కర్లు, వేలు గుచ్చి గాజు స్లైడు మీద రక్తం తీసుకుని ఇచ్చిన చేదు మాత్రలు మన వయస్సు వారందరికీ జ్ఞాపకమే. పథకానికి ముందు ఏటా ఏడున్నర కోట్ల కేసులు, ఎనిమిది లక్షల మరణాలు ఉండేవని అంచనా. 1965 నాటికి కేసులు సుమారు లక్షకు దిగాయి. 1976లో మళ్ళీ 64 లక్షలకు ఎగబాకాయి. దోమలు డీడీటీకి అలవాటు పడ్డాయి, క్రిమి మందుకు అలవాటు పడింది, మనం పనిలో అలసత్వానికి అలవాటు పడ్డాం.

నేను కొన్నాళ్ళు ఒక జిల్లా ఆఫీసులో ఈ స్లైడుల నెలవారీ స్టేట్‌మెంట్లు కట్టాను. తీసిన స్లైడులు, పరీక్షించినవి, పాజిటివ్ వచ్చినవి అని మూడు గడులు. ఒక కేంద్రం నుంచి మాత్రం ఎండకైనా వానకైనా నెలకు సరిగ్గా అన్నే స్లైడులు వచ్చేవి, పాజిటివ్ గడిలో ఎప్పుడూ సున్నాయే. నేను ఎర్రసిరాతో రిమార్కు రాసి పైకి పెట్టాను. మరుసటి నెల స్లైడుల సంఖ్య రెండు పెరిగింది, సున్నా కదలలేదు. సమీకరణం ఎంత గొప్పదైనా దానికి పెట్టే మేత ఇటువంటి గడుల నుంచే వెళుతుంది.

నైజీరియాలో గార్కీ అనే ప్రాంతంలో 1969 నుంచి 1976 దాకా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక పెద్ద పరీక్ష చేసింది. ఒకవైపు పల్లెల్లో మందు కొట్టడం, మాత్రలు పంచడం. ఇంకోవైపు కంప్యూటరు నమూనాలో అదే నడిపి చూడడం. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చారు. మలేరియా తగ్గింది గాని ఆగలేదు. ఇలా నిజాయితీగా పొలంలో పంటతో పోల్చి చూసుకున్న నమూనాలు ఎక్కువ లేవని నా అభిప్రాయం.

కంప్యూటర్లు పెద్దవైన కొద్దీ పద్ధతి మారింది. మూడు రిజిస్టర్ల స్థానంలో ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క కార్డు. ఫలానా ఇల్లు, ఫలానా బడి, ఫలానా ఆఫీసు, రోజూ ఎవరిని కలుస్తాడు అని యంత్రంలో కోట్లమంది ఉత్తుత్తి మనుషులను సృష్టించి వారి మధ్య జబ్బును వదులుతారు. 2001లో బ్రిటనులో పశువులకు గాలికుంటు వచ్చినప్పుడు నమూనాల సలహా మీద, జబ్బు సోకిన మందల చుట్టుపక్కల ఆరోగ్యంగా ఉన్న మందలను కూడా చంపారు. మొత్తం 60 లక్షలకు పైగా జీవాలు పోయాయి. అంత అవసరం లేకపోయిందని పశువైద్యులు చాలామంది నేటికీ అంటారు.

2020 మార్చి 16న లండనులోని ఇంపీరియల్ కాలేజీ నివేదిక వచ్చింది. ఏమీ చేయకుండా ఊరుకుంటే బ్రిటనులో 5 లక్షల 10 వేల మంది, అమెరికాలో 22 లక్షల మంది కోవిడ్‌తో పోతారని. ప్రభుత్వాలు ఉలిక్కిపడ్డాయి. ఆ ప్రోగ్రాం పదమూడేళ్ళకు పైగా ముందు ఫ్లూ కోసం రాసినదని తెలిశాక విమర్శలు వెల్లువెత్తాయి. అంతమంది పోలేదు గనుక లెక్క తప్పని కొందరు వాదించారు. ఆ వాదం సరైనది కాదు. 'ఏమీ చేయకపోతే' అన్న షరతు మీద చెప్పిన అంకె అది. ఏదో ఒకటి చేశారు గనుక ఆ షరతే లేకుండా పోయింది.

మన దేశంలో కేంద్ర ప్రభుత్వం వేసిన నమూనాల సంఘానికి అధ్యక్షులు గుంటూరులో పుట్టిన, ఐ.ఐ.టి. హైదరాబాదు ఆచార్యులు మాథుకుమల్లి విద్యాసాగర్ గారు. 2020 అక్టోబరులో ఆ సంఘం, శిఖరం సెప్టెంబరులోనే దాటిపోయిందని, జాగ్రత్తలు సడలించకపోతే మరుసటి ఫిబ్రవరి నాటికి వ్యాధి బాగా అణగిపోతుందని చెప్పింది. జాగ్రత్తలు సడలిస్తే ఒక్క నెలలో 26 లక్షల మందికి సోకవచ్చని కూడా చెప్పింది. పత్రికలు మొదటి వాక్యాన్నే పెద్ద అక్షరాల్లో వేశాయి. తర్వాత డెల్టా రకం వచ్చింది. 2021 మే మొదటి వారంలో ఒక్క రోజే 4 లక్షల 14 వేల కేసులు నమోదయ్యాయి. అప్పటి ఆక్సిజన్ సిలిండర్ల వేట, శ్మశానాల దగ్గర వరసలు మన సభ్యుల కుటుంబాలకు నేను వర్ణించి చెప్పాల్సిన పని లేదు. ఆ రెండేళ్ళలో మన సంఘం జాబితాలో కొట్టివేసిన పేర్లు అందరికీ తెలిసినవే. పుట్టని వైరసు రకాన్ని ఏ సమీకరణమూ ముందుగా పట్టలేదు. అది నమూనా పరిమితి. కాని షరతును వదిలేసి ఫలితాన్ని మాత్రం చదవడం నమూనా తప్పు కాదు.

చివరికి ఎంతమంది పోయారు? 2021 ఆఖరుకు ప్రభుత్వ లెక్క ప్రకారం కోవిడ్ మరణాలు దాదాపు 4 లక్షల 81 వేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో గణిత నమూనా కట్టి, మన దేశంలో ఆ రెండేళ్ళలో మామూలు కన్నా 47 లక్షల మంది ఎక్కువగా పోయారని అంచనా వేసింది. రిజిస్ట్రేషన్ లెక్కలు ఉండగా నమూనా ఎందుకని మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. మంచి ప్రశ్నే. అయితే ఆ రిజిస్టరు 2021 సంవత్సరానికి బయటకు వచ్చింది 2025 మేలో! అందులో నమోదైన మరణాలు దేశం మొత్తానికి 2019లో 76 లక్షలు, 2020లో 81 లక్షలు, 2021లో కోటీ రెండు లక్షలు. ఒక్క ఏడాదిలో పెరిగిన 21 లక్షలూ కోవిడ్ వల్లనే అనలేం. నమోదు కొంత మెరుగుపడింది, జనాభా పెరిగింది. ఏ జబ్బుతో పోయారో డాక్టరు ధ్రువీకరించినవి నమోదైన వాటిలో నాలుగో వంతు కూడా ఉండవు. కాని 4 లక్షల 81 వేలు అన్న అంకె ఇక నిలబడదని మాత్రం, స్టేట్‌మెంట్లు కట్టిన అనుభవంతో, చెప్పగలను.

పూర్వం ఈ రిజిస్టరు ఆంధ్ర ప్రాంతంలో గ్రామ మునసబు, తెలంగాణాలో పోలీసు పటేలు రాసేవారు. 1969 చట్టం దేశమంతటికీ ఒకే పద్ధతి తెచ్చింది. 1984లో మునసబు, కరణం, పటేలు ఉద్యోగాలు పోయాయి, ఆ పని చేతులు మారింది. 2023లో చట్టాన్ని సవరించి, ఆ అక్టోబరు 1 నుంచి నమోదు అంతా కంప్యూటరులో ఒకే జాతీయ ఖాతాకు చేరేటట్టు చేశారు. మరణాన్ని 21 రోజుల లోపల తెలియజేయాలన్న నిబంధన మాత్రం మారలేదు. 30 రోజులు దాటితే జిల్లా రిజిస్ట్రారు అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఆర్డరు కావాలి. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు కదలాలన్నా మొదట అడిగేది ఈ సర్టిఫికెట్టే గనుక, ఇంట్లో పిల్లలకు ఈ గడువు సంగతి ఇప్పుడే చెప్పి ఉంచండి.